హెల్మెట్‌లో ఇరికించిన ఫోన్

బండి నడుపుతూ సెల్‌ఫోన్ వాడటం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. ఒకే రకంగా ఉన్నవాటిని కలిపి ఒకటిగా ఇచ్చాం.

ప్రశ్న: రోజూ 14 కిలోమీటర్లు స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్తాను. ఫోన్ వస్తే హెల్మెట్‌లో చెవి దగ్గర దోపుకుని మాట్లాడతాను. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంటాయి. ఇందులో తప్పేముంది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంటాయి, నిజమే. ఫోన్ జారేంతవరకు.

ముందు హెల్మెట్ సంగతి చూద్దాం. పైన గట్టి డొప్ప, దాని కింద థర్మకోల్ లాంటి పొర ఉంటుంది. తలను కాపాడేది ముఖ్యంగా ఆ పొరే. దెబ్బ తగిలినప్పుడు తాను నలిగిపోయి, ఆ దెబ్బ తల మీద ఒక్కచోటే పడకుండా చూస్తుంది. ఆ పని జరగాలంటే హెల్మెట్ చెంపలకు అంటుకుని బిగుతుగా కూర్చోవాలి. కవరుతో కలిపి సుమారు సెంటీమీటరు మందం ఉండే ఫోన్‌ను లోపల దోపితే హెల్మెట్ ఒక పక్కకు ఒరుగుతుంది. గడ్డం కింది పట్టీ వదులు చేయక తప్పదు. ఆ పక్కకే పడ్డారనుకోండి, దవడకూ కణతకూ తగిలేది మెత్త కాదు, గాజూ లోహమూ బ్యాటరీనూ.

ఇంటి దగ్గరే పరీక్షించుకోవచ్చు. హెల్మెట్ పెట్టుకుని, పట్టీ కింద ఒకటి రెండు వేళ్లు మాత్రమే దూరేలా బిగించండి. ఇప్పుడు ఫోన్ దోపడానికి ప్రయత్నించండి. దూరితే ఒక తంటా, దూరకపోతే ఒక తంటా: దూరకపోతే పట్టీ వదులు చేయాలి, దూరిందంటే అసలు ఆ హెల్మెట్టే మీకు వదులు.

ఫోన్ జారకుండా చాలామంది తలను అటు భుజం వైపు వంచి నడుపుతారు. మెడ అలా బిగుసుకుంటే రెండో వైపు అద్దంలోకి చూపు పోదు. సందులోంచి దూసుకొచ్చే ఆటో కనబడదు. ఫోన్ ఉన్న వైపు చెవికి హారన్ సరిగ్గా వినబడదు.

ఇక జారే క్షణం. ఇరవై వేలు పెట్టి కొన్న ఫోన్ జారుతుంటే చెయ్యి మనల్ని అడిగి లేవదు. కుడి చెయ్యి యాక్సిలరేటర్ మీద ఉంటుంది కాబట్టి లేచేది ఎడమ చెయ్యే. గేర్లు లేని స్కూటర్‌కు వెనక బ్రేకు ఉండేది ఆ చేతి కిందే. పైగా 125 సీసీ వరకు ఉన్న కొత్త బళ్లకు 2019 ఏప్రిల్ నుంచి కంబైన్డ్ బ్రేకింగ్ లేదా ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది. కంబైన్డ్ బ్రేకింగ్ ఉన్న స్కూటర్లలో ఎడమ లివర్ నొక్కితే రెండు చక్రాలకూ కలిపి బ్రేకు పడుతుంది. అంటే ఫోన్ కోసం మీరు వదిలేస్తున్నది బండిని తిన్నగా ఆపే లివర్‌నే. మిగిలేది కుడి చేతి కింది ముందు బ్రేకు. ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకుని ముందు చక్రాన్ని ఒక్కసారిగా పట్టేస్తే హ్యాండిల్ మెలిపడి బండి పక్కకు పడిపోతుంది. దానికి రోడ్డు మీద ఇసుక కూడా ఉండక్కర్లేదు.

ఫోన్‌ను డిక్కీలో వేసి తాళం వేయండి. 14 కిలోమీటర్లంటే అరగంట, ముప్పావుగంట. ఆఫీసుకు చేరాక ఫోన్ చేయండి.

ప్రశ్న: కారులో బ్లూటూత్ ఉంది. స్టీరింగ్ మీద బటన్ నొక్కితే చాలు, ఫోన్ ముట్టుకోను. ఇది సురక్షితమే కదా?
– ఒక డాక్టరు, గుంటూరు

జవాబు: చేతికి సంబంధించినంత వరకు సురక్షితమే. మనసుకు సంబంధించి కాదు. హ్యాండ్స్‌ఫ్రీ కొనేటప్పుడు చాలామంది ఈ రెండో సంగతి మరిచిపోతారు.

టొరంటో డ్రైవర్ల ఫోన్ బిల్లులను వారి ప్రమాదాల సమయాలతో పోల్చి చేసిన అధ్యయనం 1997లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఫోన్ మాట్లాడే సమయంలో ప్రమాదం జరిగే అవకాశం దాదాపు 4 రెట్లు అని తేలింది. హ్యాండ్స్‌ఫ్రీ వాడినవారికి అందులో ఊరటేమీ కనబడలేదు. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, ప్రమాదాల్లో గాయపడి ఆసుపత్రికి వచ్చిన డ్రైవర్లతో చేసిన అధ్యయనంలోనూ అదే 4 రెట్లు, చేత్తో పట్టుకున్నా పట్టుకోకపోయినా.

కారణమేమిటి? అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం సిమ్యులేటర్ (కారు నడిపిన అనుభవమిచ్చే యంత్రం) మీద డ్రైవర్ల కంటి చూపును గమనించింది. ఫోన్ మాట్లాడుతున్నవారి కళ్లు రోడ్డు పక్క బోర్డుల మీద నిలిచాయి. కానీ తర్వాత అడిగితే ఆ బోర్డుల్లో చాలా వాటిని చూసినట్టే గుర్తులేదు. కన్ను చూసింది, బుర్ర అందుకోలేదు. రోడ్డు దాటుతున్న పిల్లవాడి విషయంలోనూ ఇదే జరుగుతుంది. 'చూస్తూనే ఉన్నానండీ, ఎక్కణ్ణుంచి వచ్చాడో' అనే డ్రైవరు అబద్ధం చెప్పడం లేదు.

'మరి పక్క సీటులో మనిషితో మాట్లాడితే పరవాలేదా?' అని కొందరు అడిగారు. పక్క మనిషి కూడా రోడ్డు చూస్తుంటాడు. లారీని దాటేటప్పుడు తనే మాట ఆపుతాడు, ఒక్కోసారి 'చూసుకో' అంటాడు. ఫోన్ అవతల ఉన్నవారికి మీ ముందున్న లారీ కనబడదు. మీరు ఒక్క క్షణం ఆగితే 'హలో, వినబడుతోందా?' అని మరింత గట్టిగా అడుగుతారు.

అన్ని మాటలూ ఒకటి కాదు. 'పది నిమిషాల్లో వస్తున్నా' అని పెట్టేయడం వేరు. మీ వృత్తిలో అయితే రోగి రిపోర్టు విని మందు మోతాదు చెప్పడం వేరు. లెక్క, నిర్ణయం, గొడవ, ఈ మూడింటిలో ఏది ఉన్నా బండి పక్కకు తీసి ఆపాల్సిందే.

ప్రశ్న: హైదరాబాద్‌లో కొన్ని సిగ్నళ్ల దగ్గర 90 సెకన్లు ఆగాలి. అప్పుడు వాట్సాప్ చూసుకుంటే ఏమవుతుంది?
– విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: సిగ్నల్ దగ్గర ఆగినా మీరు రోడ్డు మీదే ఉన్నారు, ఇంజన్ ఆన్‌లోనే ఉంది. కెమెరా ఫొటో తీస్తే చలాన్ వస్తుంది. ఇంకో మాట: తలెత్తి బండి కదిలించగానే మనసు మెసేజ్‌లోంచి బయటికి రాదు. వాయిస్ కమాండ్లతో ఫోన్ నడిపినవారి మీద అమెరికాలో రోడ్డు భద్రత మీద పనిచేసే ఏఏఏ ఫౌండేషన్ 2015లో ప్రకటించిన పరిశోధనలో, పని ముగిశాక కూడా పూర్తి ధ్యాస తిరిగి రావడానికి 27 సెకన్ల దాకా పట్టింది. పచ్చ లైటు పడిన మొదటి 27 సెకన్లలో ఎన్ని బైకులు మీ ఎడమ పక్క నుంచి దూరతాయో మీకే తెలుసు.

ప్రశ్న: డ్రైవింగ్ స్కూల్ నడుపుతున్నాను. 'ఒక్క సెకను చూస్తే ఏమవుతుంది సార్' అనే కుర్రాళ్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: సెకన్లలో చెప్పకండి, మీటర్లలో చూపించండి. గంటకు కిలోమీటర్ల వేగాన్ని 3.6తో భాగిస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. 40లో వెళ్తే 11 మీటర్లు, 60లో 17, 80లో 22. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120లో వెళ్తే 33, అంటే మూడు సెకన్లకు వంద మీటర్లు.

తర్వాత వాళ్లను మైదానానికి తీసుకెళ్లండి. టేపు పట్టి 17 మీటర్ల దగ్గర ఒక ఇటుక, 37 దగ్గర ఒకటి, 40 దగ్గర ఒక ఖాళీ డబ్బా పెట్టండి. ఆ డబ్బా రోడ్డు మీదికి వచ్చిన గేదె అనుకోమనండి. కారు వేగం 60. రోడ్డు చూస్తున్న డ్రైవరు గేదెను గమనించి కాలు బ్రేకు మీదికి తీసుకెళ్లడానికి ఒక సెకను పడుతుంది. అప్పటికి మొదటి ఇటుక దగ్గరికి వస్తాడు. అక్కడి నుంచి పొడి రోడ్డు, మంచి టైర్లు అయితే 20 మీటర్లలో ఆగుతుంది. రెండో ఇటుక. గేదెకు మూడు మీటర్ల ఇవతల.

ఇప్పుడు అదే గేదె రోడ్డెక్కిన క్షణంలో ఫోన్ వైపు రెండు సెకన్లు చూసినవాడి సంగతి. తలెత్తేసరికి 33 మీటర్లు అయిపోయాయి, ఇంకా 7 మిగిలాయి. కాలు బ్రేకు మీదికి వెళ్లడానికే మరో 17 కావాలి. అంటే బ్రేకు తొక్కకముందే, 60 వేగంలో ఏమాత్రం తగ్గకుండా గేదెను గుద్దుతాడు. 'కాస్త ఆలస్యంగా ఆగుతాం' అని ఊహించుకునే కుర్రాళ్లను ఈ డబ్బా దగ్గర నిలబెట్టి లెక్క వాళ్ల చేతే వేయించండి. వర్షం పడితే, టైర్లు అరిగి ఉంటే ఆ 20 మీటర్లు ఇంకా పెరుగుతాయని కూడా చెప్పండి.

ప్రశ్న: దారి తెలియని ఊళ్లకు మ్యాప్ లేకుండా వెళ్లలేం. శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నాం. ఫోన్ ఎక్కడ పెట్టాలి, ఎలా వాడాలి?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: దారి చూసుకోవడానికి ఫోన్ వాడటాన్ని నిబంధనలే ఒప్పుకుంటున్నాయి. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం చేతి ఫోన్‌ను నావిగేషన్ కోసం మాత్రమే, అదీ డ్రైవర్ ఏకాగ్రత చెడకుండా వాడొచ్చు. కాబట్టి స్టాండులో ఉన్న ఫోన్‌లో మ్యాప్ నడుస్తుంటే తప్పులేదు. దాన్ని చేత్తో ఎత్తి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూడటం తప్పు.

స్టాండు స్టీరింగ్‌కు ఎడమ పక్కన, డాష్‌బోర్డ్ మీద కిందుగా లేదా ఏసీ గాలి వచ్చే జాలీకి బిగించండి. సీటులో కూర్చుని తల కదపకుండా కళ్లు మాత్రమే తిప్పితే తెర కనబడాలి. ముందు అద్దం మధ్యలో అతికిస్తే మలుపులో నడిచే మనిషిని కప్పేస్తుంది. ఎయిర్‌బ్యాగ్ అని అచ్చు వేసి ఉన్న మూత మీద ఏదీ పెట్టకండి. ఎయిర్‌బ్యాగ్ సెకనులో చిన్న వంతులో తెరుచుకుంటుంది, ఆ ఊపుకు ఫోన్ రాయిలా వచ్చి తగులుతుంది. ఒళ్లోనూ, సీటు మీదా అసలే వద్దు. గట్టిగా బ్రేకు వేస్తే ఫోన్ జారి డ్రైవర్ కాళ్ల దగ్గర పడుతుంది. అది బ్రేకు పెడల్ కిందికి దూరితే పెడల్ పూర్తిగా దిగదు. వంగి తీయడానికి చూడటం అంతకంటే పెద్ద తప్పు. ఛార్జర్ వైరు గేరు రాడ్‌కు చుట్టుకోకుండా చూసుకోండి.

ఇంటి దగ్గరే, ఇంజన్ స్టార్ట్ చేయకముందే గమ్యం టైపు చేసి ఒకసారి మొత్తం దారి చూడండి. గూగుల్ మ్యాప్స్‌లో తెలుగు వాయిస్ ఉంది, సెట్టింగ్స్‌లో నావిగేషన్ కింద మార్చుకుని శబ్దం పెంచండి. నల్లమల అడవిలో చాలాచోట్ల సిగ్నల్ అందదు, కాబట్టి ఆ ప్రాంతం మ్యాప్‌ను ముందే ఆఫ్‌లైన్‌గా డౌన్‌లోడ్ చేసుకోండి. దారిలో మలుపు తప్పితే తప్పనివ్వండి, మ్యాప్ తనే కొత్త దారి చెబుతుంది. ఏదైనా మార్చాలంటే ఆ పని పక్క సీటులో ఉన్నవారిది. ఒంటరిగా వెళ్తుంటే పెట్రోల్ బంకులో ఆపండి.

రాత్రి ప్రయాణమైతే తెర వెలుతురు తగ్గించి డార్క్ మోడ్ పెట్టండి. వెలిగే తెర నుంచి చీకటి రోడ్డు వైపు తిరిగిన కంటికి కాసేపు ఏమీ సరిగ్గా ఆనదు. ఘాట్ రోడ్డులో ఆ కాసేపు చాలు.

బైకుకు స్టాండు పెట్టేవారికి ఒక మాట. పెద్ద ఇంజన్ల వణుకు ఫోన్ కెమెరాను దెబ్బతీయొచ్చని యాపిల్ సంస్థ 2021లో హెచ్చరించింది. బైకు మీద తెర చూడటం కంటే ఒక చెవికి మాత్రం మాట వినిపించే ఏర్పాటు నయం. రెండు చెవులూ మూసేస్తే వెనక వచ్చే బస్సు తెలియదు.

ప్రశ్న: సెల్‌ఫోన్ డ్రైవింగ్‌కు వెయ్యి రూపాయల చలాన్ వచ్చింది. కట్టేస్తే అయిపోయినట్టేనా? ఫోన్ మాట్లాడుతూ ప్రమాదం చేస్తే ఇన్సూరెన్స్ రాదంటున్నారు, నిజమా?
– ఒక వ్యాపారి, నిజామాబాద్

జవాబు: ఇది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కిందికి వస్తుంది, అంటే ప్రమాదకరమైన డ్రైవింగ్. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలవుతున్న సవరణలో చేతి ఫోన్ వాడకాన్ని ఈ సెక్షన్‌లో స్పష్టంగా చేర్చారు. మొదటిసారికి 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రూ.1,000 నుంచి రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ. అక్కడికక్కడ వసూలు చేసే సొమ్ము రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

చాలామందికి తెలియనిది లైసెన్స్ సంగతి. ఈ నేరానికి పోలీసులు లైసెన్స్ తీసుకుని రవాణా శాఖకు పంపొచ్చు. మీ వాదన విన్నాక, మొదటిసారైతే 3 నెలలు అనర్హత వేయొచ్చు, మళ్లీ జరిగితే లైసెన్సే రద్దు చేయొచ్చు. బండి మీదే బతికేవారికి వెయ్యి రూపాయల కంటే ఇదే పెద్ద దెబ్బ.

ఇన్సూరెన్స్ విషయం రెండు ముక్కలు. మీ బండి వల్ల గాయపడిన మూడో వ్యక్తికి థర్డ్ పార్టీ పాలసీ కింద పరిహారం ఇవ్వాల్సిందే. తప్పించుకోవడానికి కంపెనీకి చట్టం ఇచ్చిన కారణాల్లో లైసెన్స్ లేకపోవడం, మద్యం మత్తు లాంటివి ఉన్నాయి గానీ ఫోన్ వాడకం లేదు. మీ సొంత బండి రిపేరు క్లెయిమ్‌లో మాత్రం తగిన జాగ్రత్త తీసుకోలేదని కంపెనీ పేచీ పెట్టే వీలుంది. గాయపడింది మీరే అయి, ఆ సమయంలో మీరే ఫోన్‌లో ఉన్నారని తేలితే, మీ తప్పు ఎంత ఉందో లెక్కేసి, ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్ మీకొచ్చే పరిహారంలో కోత పెడుతుంది. ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద 5 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఆ నిమిషంలో ఫోన్ నడుస్తోందా లేదా అన్నది కాల్ డేటా చెబుతుంది. కాల్ హిస్టరీ చెరిపేసినా ఫోన్ కంపెనీ రికార్డు చెరగదు.

అన్నట్టు, చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైల్) వస్తే తెరవకండి. అది బ్యాంకు ఖాతా ఖాళీ చేసే మోసం. బండి నంబరుతో అధికారిక సైట్‌లోనే చూసుకోండి.

ప్రశ్న: ఫుడ్ డెలివరీ చేస్తాను. కొత్త ఆర్డరు కొన్ని సెకన్లలో ఒప్పుకోకపోతే పోతుంది. ఫోన్ చూడకుండా ఎలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ ఇబ్బంది నిజమైనదే. ఈ విషయంలో తప్పు రైడర్ కంటే ఆ సెకన్లు పెట్టిన యాప్‌లదే ఎక్కువ. అయినా రోడ్డు మీద ఉండేది మీరు కాబట్టి మీ చేతిలో ఉన్నది చూద్దాం. ఆర్డర్ల శబ్దం ఒకటి, మిగతా యాప్‌ల శబ్దాలు వేరేగా పెట్టండి. వాట్సాప్, గేమ్స్, యూట్యూబ్ నోటిఫికేషన్లన్నీ ఆపేయండి. అప్పుడు మోగిన ప్రతిసారీ చూడక్కర్లేదు. ఆర్డరు మోగితే ముందు అద్దం చూసి, ఎడమ ఇండికేటర్ వేసి, రోడ్డు అంచుకు ఆపి, అప్పుడు నొక్కండి. ఆపే చోటు లేకపోతే ఆ ఆర్డరు పోనివ్వండి. కస్టమర్ ఫోన్ చేస్తే గేటు దగ్గరికి చేరాకే ఎత్తండి. అడ్రసు అర్థం కాకపోతే బయల్దేరే ముందే రెస్టారెంట్ దగ్గర మాట్లాడుకోవడం మేలు.

ప్రశ్న: మా ఆయన విజయవాడ–హైదరాబాద్ మధ్య లారీ నడుపుతారు. ఫోన్ ఎత్తకపోతే నాకు కంగారు, ఎత్తితే భయం. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: అమ్మా, బయల్దేరే ముందే ఇద్దరూ ఒక మాట అనుకోండి. ఎక్కడ ఆగుతారో అక్కడి నుంచి ఆయనే ఫోన్ చేయాలి. ఆ దారిలో చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు ఉన్నాయి. టోల్ దాటాక బళ్లు ఆపుకునే చోటో, బంకో, దాబానో చూసి ఆపి చేస్తే చాలు. రోడ్డు అంచున చీకట్లో లారీ ఆపి మాట్లాడమనకండి, వెనక నుంచి కార్లు గుద్దేది అలా ఆపిన లారీలనే.

ఈ మధ్యలో ఆయన ఎక్కడున్నారో తెలియాలంటే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఉంది. 8 గంటల దాకా పెట్టుకోవచ్చు. లారీ గుర్తు ముందుకు కదులుతుంటే ఆయన నడుపుతున్నారని అర్థం, ఫోన్ చేయక్కర్లేదు. సిగ్నల్ లేని చోట గుర్తు కాసేపు కదలకుండా ఉంటుంది, దానికి కంగారు పడొద్దు.

ఆయన ఫోన్‌లో డ్రైవింగ్ మోడ్ గానీ, డూ నాట్ డిస్టర్బ్ గానీ ఆన్ చేయించండి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ఫోకస్, అందులో డ్రైవింగ్. అందులో ఆటో రిప్లై పెడితే, మెసేజ్ చేసినవారికి 'బండి నడుపుతున్నాను, ఆగాక చేస్తాను' అని జవాబు దానంతట అదే వెళ్తుంది. రెండు రకాల ఫోన్లలోనూ రిపీట్ కాలర్స్ అనే సౌకర్యం ఉంటుంది. దాన్ని ఆన్‌లో ఉంచితే మొదటి కాల్ మోగకపోయినా, అదే నంబరు నుంచి వెంటనే రెండోసారి చేస్తే మోగుతుంది. ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లోపు, ఐఫోన్‌లో 3 నిమిషాల్లోపు చేయాలి. రెండోసారి మోగిందంటే నిజంగా అత్యవసరమని ఇద్దరూ ఒప్పందం చేసుకోండి. అప్పుడు కూడా ఆయన నడుపుతూ ఎత్తకూడదు, ముందున్న బంకులో ఆపి తిరిగి చేయాలి. కూర ఏం వండాలో అడగడానికి రెండోసారి చేయకండి. చేస్తే మూడో రోజు నుంచి ఆయన ఆ మోతను నమ్మరు.

ఆయన ఫోన్ ఎత్తితే మీరు మొదట అడగాల్సింది 'తిన్నావా' కాదు, 'బండి ఆగి ఉందా' అని. లేదంటే మారు మాట లేకుండా పెట్టేయండి.